చలవ పొట్టు

పాముకి పరుపేమిటని నవ్వేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. అద్దాల పెట్టె కొంటారు, లోపల రంగు దీపాలు పెడతారు, విదేశీ పైథాన్‌ని తెచ్చి పడేసి చుట్టాలందరికీ ఫోటోలు పంపుతారు. దాని పొట్ట కింద ఏం పరచాలో మాత్రం అది జబ్బుపడ్డాక అడుగుతారు. అడిగేది నన్నే. నేను పాముల డాక్టర్ని. పేరు హరిణి.

"మేడమ్, ఇసుక పోశామండీ. ఎడారి లుక్కు వస్తుందని," అంటాడు హైదరాబాదు నుంచి ఒకాయన.

"మీ లుక్కు తగలెయ్య! ఎలకతో పాటు ఇసుక కూడా మింగుతుంది. పేగులు పూడుకుపోతాయి. ముందు అది ఎత్తిపోసి పాత పేపర్లు పరవండి."

"పేపర్లు చూడ్డానికి బాగుండవు కదా మేడమ్."

"బాగుండడానికి అదేమైనా పెళ్లిపందిరా?"

ఇంకొకావిడ దేవదారు చెక్క పొట్టు పోస్తుంది, గదంతా సువాసన వస్తుందని. ఆ సువాసన నూనెకే పాము ఊపిరితిత్తులు పాడై నోరు తెరుచుకుని గురక పెడుతుంది. కొబ్బరి పొట్టు వీటన్నిటికన్నా మేలు. కానీ తడి ఎక్కువైతే పొట్ట కింద పుళ్లు పడతాయి, తడి తగ్గితే దుమ్ము లేస్తుంది. రోజూ చెయ్యి పెట్టి చూసుకోవాలి. పెంచడానికి సరదా ఉన్నంతగా శుభ్రం చెయ్యడానికి ఓపిక ఉండదు జనానికి.

ఆ ఓపికలేనితనం మీదే మా ఆయన దొరబాబు కన్ను పడింది. ఆయన చదివింది బూజుల శాస్త్రం. కోనసీమలో వాళ్ల నాన్న నడిపి మూసేసిన పీచు మిల్లు ఉంది, దాని షెడ్డులో గుట్టలుగా కొబ్బరి పొట్టు ఉంది. ఆ పొట్టులో ఒక కొత్త రకం బూజుని పెంచాడు. తెల్లటి సన్నని దారాల్లా అల్లుకుంటుంది. పాము మలమూత్రాలు అదే తినేస్తుంది, తేమని అదే పట్టి ఉంచుతుంది. పెట్టె శుభ్రం చెయ్యక్కర్లేదు, వాసన రాదు. మా అత్తగారు మంగతాయారు ఆ పొట్టుని గుప్పెడు తీసి మొహానికి ఆనించుకుని, "కొబ్బరి ఎక్కడున్నా సలవేరా నాన్నా," అంది. దాంతో దానికి చలవ పొట్టని పేరు స్థిరపడింది.

అక్కడితో ఆగి ఉంటే నేనూ మెచ్చుకునేదాన్నే.

పొట్టుని పరీక్షించడానికి షెడ్డులో పెట్టుకున్న పాముల్లో ఒక మగ పైథాన్ ఉండేది. మహా కోపిష్టిది. పెట్టె మూత తీస్తే చాలు నా వేలు కొరికేది. దాన్ని చలవ పొట్టు మీదికి మార్చిన కొన్నాళ్లకి దొరబాబు నన్ను పిలిచి, దాని ముక్కు ముందు చెయ్యి ఆడించాడు. తోక పట్టి లాగాడు. మెడలో వేసుకున్నాడు. అది తడిబట్టలా వేలాడింది.

"తడి తగిలినప్పుడు ఈ బూజు ఒక ఆవిరి వదులుతోంది," అన్నాడు, కళ్లు మెరుస్తుంటే. "ఒంట్లో ప్రమాదం అని మోగే గంట ఒకటుంటుంది కదా, దానికి గుడ్డ చుట్టేస్తోంది. పాముకి భయం పోయింది హరిణీ! భయం లేకపోతే కరవదు. కరవని పాము!"

"కరవకపోతే అది పామెలా అవుతుందండీ?"

"అమ్ముడుపోయే పాము అవుతుంది."

అదీ ఆయన సంగతి. బెంగుళూరు నుంచి ఒక కంపెనీ వాళ్లు వచ్చారు, మెడల్లో పాములు వేసుకుని ఫోటోలు దిగారు, మళ్లీ వస్తామన్నారు. ఆ హడావుడిలోనే నాకు నెలలు నిండి ఇందుజ పుట్టింది.

పుట్టిన కొత్తలో ఊరు లేచిపోయేలా ఏడ్చేది. తర్వాత తర్వాత తగ్గింది. ఆ తర్వాత పూర్తిగా మానేసింది. ఆకలేసినా ఏడవదు, తడిపినా ఏడవదు. కళ్లు విప్పార్చుకుని అందర్నీ చూస్తూ నవ్వుతుంది. ఇరుగూ పొరుగూ వచ్చి, "బంగారుబొమ్మండీ! ఇంట్లో పిల్లున్నట్టే లేదు," అని మెచ్చుకుని, మా ఇంట్లోనే మెటికలు విరిచి వెళ్లేవారు. అత్తగారు పొంగిపోయేది. నేను నిద్రపోగలుగుతున్నందుకు దేవుళ్లందరికీ దణ్ణం పెట్టుకున్నాను.

ఒకరోజు పొద్దున్న షెడ్డు తలుపు తీయగానే చర్మం కాలిన వాసన వచ్చింది. పాముల పెట్టెల కింద ఒక మూల వేడి పలకలుంటాయి. చలికాలం కదా, పాము ఆ మూలకి వెళ్లి కాచుకుని, చాలనిపిస్తే ఇవతలికి వచ్చేస్తుంది. వేడి హద్దుమీరకుండా చూసే మీట చెడిపోయి పలకలన్నీ పెనాల్లా కాగుతున్నాయి. పేపర్లు పరిచిన పెట్టెల్లో పాములు అవతలి మూలకి పరుగెత్తి అద్దానికి తలలు కొట్టుకుంటున్నాయి. చలవ పొట్టు మీద ఉన్న కోపిష్టి పైథాన్ మాత్రం ఆ పలక మీదే హాయిగా చుట్ట చుట్టుకుని ఉంది. ఎత్తి చూస్తే పొట్ట కింది పొలుసులు ఊడి పలకకి అంటుకున్నాయి.

గాయం కడిగాను. చచ్చిన చర్మం కత్తిరించాను. మందు రాసి కట్టు కట్టాను. అది ఒక్కసారి కూడా మెలి తిరగలేదు. నాలుక ఆడిస్తూ నా మొహంలోకి చూస్తూ ఉండిపోయింది. పాముని చూసి నాకెప్పుడూ భయం వెయ్యలేదు, ఆ పూట వేసింది.

చేతులు కడుక్కుని ఇంటికి వచ్చేసరికి పెరట్లో అత్తగారు పాపకి నీళ్లు పోస్తోంది. పీట మీద కూర్చుని, కాళ్లు చాపుకుని, ఆ కాళ్ల మీద పాపని బోర్లా పడుకోబెట్టుకుని, చెంబుతో వీపు మీద ధారగా పోస్తోంది. ఏ ఇంట్లోనైనా పసిపిల్లకి నీళ్లు పోస్తుంటే నాలుగిళ్లకి వినబడుతుంది. మా పెరట్లో నీళ్ల చప్పుడు, అత్తగారి కూనిరాగం తప్ప ఏమీ లేదు. గంగాళంలోంచి పొగలు లేస్తున్నాయి.

పరుగెత్తుకెళ్లి ఆ నీళ్లలో చెయ్యి పెట్టాను. పెట్టిన వేగంతోనే అరిచి వెనక్కి లాక్కున్నాను.

"ఆపండి! అత్తయ్యా, ఆపండి! మరిగే నీళ్లు పోస్తున్నారు పసిదానికి!"

"అయ్ బాబోయ్, మరుగుతున్నాయా?" అంది అత్తగారు చెంబు వదిలేసి.

పాపని లాక్కుని చూశాను. వీపంతా కందగడ్డలా ఉంది. భుజం మీద బొబ్బలు లేస్తున్నాయి. అది నా చెవి జూకా పట్టుకుని ఆడుకుంటూ బోసినోటితో నవ్వింది. ఆ నవ్వు నేను చచ్చేదాకా మరిచిపోను.

"మీకు వేడి తెలీదా? చేతులా, చెక్కలా అవి?"

"సెక్కలేనమ్మా," అంది అత్తగారు అరచేతులు చూసుకుంటూ. "సిన్నప్పట్నుంచీ పీసు కొట్టిన సేతులు, పీసు గుంటల్లో నానిన కాళ్లు, వేడీ సలవా ఎప్పుడో పోయాయి. నా కొలత పిల్ల ఏడుపేనే. నా పిల్లలకీ అంతే, ఊళ్లో ఎంతమంది పసోళ్లకి పోశానో అందరికీ అంతే. కేరుమంటే సన్నీళ్లు కలుపుతాను. ఇది ఏడవదు కదా, సరిపోయాయనుకుని ఇంకాస్త వేడి, ఇంకాస్త వేడి..."

నాకు షెడ్డులో పాము గుర్తొచ్చింది. అది ఉన్న చోట ఉన్నదేదో నా బిడ్డ దగ్గర కూడా ఉందన్నమాట. ఉయ్యాల దగ్గరికి పరుగెత్తాను.

ఉయ్యాలలో పాప తలకింద పెట్టే దిండు ఉంది. తల గుండ్రంగా రావాలని మావైపు పసిపిల్లలకి ఆవాలు పోసి చిన్న దిండు కుడతారు. చేతిలోకి తీసుకుంటే అది ఆవాల బరువు లేదు. పళ్లతో కుట్టు తెంపాను. లోపల కొబ్బరి పొట్టు. దాని నిండా తెల్లటి దారాలు, గుడ్డకి కూడా పట్టేసి అల్లుకుపోయి ఉన్నాయి.

"ఆవాలు వేడి సేసి మెడంతా పేలిందే పిల్లకి," అంది నా వెనకే వచ్చిన అత్తగారు. "సలవ సేస్తుందని అబ్బాయినడిగాను. ఎండబెట్టిన పొట్టు వాడే ఇచ్చాడు."

ఎండిన పొట్టులో బూజు నిద్రపోతుంది. తడి తగిలితే లేస్తుంది. రోజూ నీళ్లు పోశాక, సాంబ్రాణి పొగ వేస్తుండగానే, జుట్టు ఆరీ ఆరకముందే పాప ఆ దిండు మీద నిద్రపోయేది. రోజూ తడి తలే.

దొరబాబు వచ్చేసరికి పాప వీపుకి మందు రాస్తున్నాను. దిండుని ఆయన మొహం మీదికి విసిరాను.

"ఏం చేశారో చూడండి!"

ఆయన దిండు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత, "ఎండిపోయిన పొట్టు కదా, ఏమీ కాదనుకున్నాను," అన్నాడు. "నిజంగా తెలీదు హరిణీ. తడి తలతో పడుకోబెడతారని నాకేం తెలుసు?"

ఒక్క క్షణం నమ్మాను. మనిషన్నాక పొరపాటు చేస్తాడు. అప్పుడు నా చూపు ఆయన చేతిలోని దిండు మీద పడింది. ఒక మూల రెండంగుళాల మేర కుట్టు నీలం దారంతో ఉంది. మిగతా అంతా తెల్లదారం.

"అత్తయ్యా, ఆ నీలం కుట్టు మీరు వేశారా?"

అత్తగారు దగ్గరికి వచ్చి చూసింది. "నేనెందుకేస్తానే? నాకాడ నీలం దారమే లేదు."

నీలం దారం షెడ్డులో ఉంటుంది, సంచుల మూతులు కుట్టడానికి. నేను దొరబాబు వైపు చూశాను. ఆయన నేలవైపు చూశాడు.

"విప్పి చూశావా?" అన్నాను. పెళ్లయ్యాక ఆయన్ని నువ్వనడం అదే మొదటిసారి. "చూశావు. లోపల లేచిందని తెలిసింది. మళ్లీ కుట్టి పిల్ల తలకింద పెట్టావు."

"కాస్త నమూనా తీసుకున్నాను, అంతే. అరవకు. ఒక్కసారిగా ఆపేస్తే ఏమవుతుందో తెలీదు, అందుకని..."

"షెడ్డు నిండా పాములున్నాయి, ఒక్కదానికైనా ఆపి చూశావా?"

"కంపెనీ వాళ్లు వచ్చే ముందు ఆపితే మళ్లీ కరవడం మొదలెడితే? నువ్వే చెప్పు." ఆయన గొంతు మెత్తబడింది. నన్ను ఒప్పించగలనని ఆశ పడ్డాడు కాబోలు. "అయినా పాపకి ఏం తక్కువైంది? పాలు తాగుతోంది, బరువు పెరుగుతోంది, హాయిగా నవ్వుతోంది. నువ్వూ నిద్రపోతున్నావు. ఊళ్లో ఏ పిల్లయినా ఇంత సుఖంగా ఉందా చెప్పు?"

నేను నోరు తెరిచేలోపే అత్తగారు ముందుకొచ్చింది. ఆ తడిచేత్తోనే కొడుకు చెంప ఛెళ్లుమనిపించింది.

"సచ్చినోడా! నా సేత్తో నా మనవరాల్ని ఉడకబెట్టించావు కదరా!"

ఆమె కూలబడి ఏడ్చింది. నాకు జాలి కలగలేదు. ఆ ఇంట్లో ఎవరి మీదా జాలి పడే స్థితిలో నేను లేను. పాపని ఎత్తుకుని, నా బట్టలు సర్దుకుని బయల్దేరాను. కట్టు కట్టిన పాముని కూడా అట్టపెట్టెలో పెట్టుకున్నాను. అది తేరుకుంటే పాప తేరుకుంటుందో లేదో తెలుస్తుంది. నాకు వేరే దారి కనబడలేదు.

కాకినాడలో పిల్లల డాక్టరు ఇందుజ మడమ మీద సూది గుచ్చారు. సూది ఎక్కడిదాకా దిగుతుందా అని అది ఆసక్తిగా చూసింది. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"ఇలాంటి కేసు నేను చూడలేదమ్మా. ఎవరూ చూసుండరు. ఒంటికి తగలడం తెలుస్తోంది, కానీ తగిలింది ప్రమాదమని తెలియడం లేదు. తిరిగి వస్తుందో రాదో చెప్పలేను. అప్పటిదాకా మీరే కనిపెట్టుకుని ఉండాలి."

అక్కడే ఒక చిన్న వాటా అద్దెకు తీసుకున్నాను. కుక్కల ఆసుపత్రిలో పని దొరికింది, పాపని పక్కన పెట్టుకుని చెయ్యొచ్చన్నారు. పాము పెట్టెకి దుప్పటి కప్పి, ఇంటావిడతో చేపల తొట్టె అని చెప్పాను. కింద పాత పేపర్లు పరిచాను. చూడ్డానికి బాగుండవు, ఎవడిక్కావాలి?

భయం లేని పిల్లని పెంచడం ఏమిటో చెప్తాను వినండి. ఆకలికి ఏడవదు కాబట్టి గంట కొట్టే గడియారం పెట్టుకుని పాలు పట్టాలి. పాకడం మొదలెట్టాక మంచం చివర ఆగదు, అలాగే ముందుకు వెళ్లి పడుతుంది. నుదురు బొప్పి కడుతుంది, నవ్వుతుంది, మళ్లీ మంచం ఎక్కించమని చేతులు చాస్తుంది. ఇస్త్రీపెట్టె, వేడి గిన్నె, వీధికుక్క, అన్నీ దానికి ఆటవస్తువులే. పాలవాడు చేతులు చాచినా వెళ్తుంది, దారినపోయేవాడు చాచినా వెళ్తుంది. నా చంకలో ఉన్నా ఒకటే, ఇంటావిడ చంకలో ఉన్నా ఒకటే. అది పడాల్సిన భయం కూడా నేనే పడుతూ బతికాను. దొరబాబు ఫోన్ చేస్తే ఎత్తలేదు. అత్తగారు ఒకసారి సున్నుండలు పట్టుకుని గుమ్మంలోకి వస్తే, "దూరం నుంచి చూడండి, ముట్టుకోకండి," అన్నాను. ఆమె మెట్టు మీద కూర్చుని చూసి వెళ్లిపోయింది.

పాముకి గాయం మానింది. ఈ జాతి పైథాన్ భయపడితే ఒంటిని బంతిలా చుట్టేసుకుని తల మధ్యలో దాచుకుంటుంది. ఒక మధ్యాహ్నం నీళ్లు మార్చడానికి చెయ్యి పెట్టాను. అది ఉలిక్కిపడి బుస్సుమంది, గబగబా బంతైపోయింది. నేను నేల మీద కూర్చుని పెద్దగా ఏడ్చాను. ఆనందంతోనే. ఇందుజ పాకుతూ వచ్చి నా కన్నీళ్లు వేలితో తీసి నోట్లో పెట్టుకుని, రుచి బాగుందన్నట్టు నవ్వింది. దాన్ని చూశాక నా ఆనందం కాస్తా నీరుగారిపోయింది. పాము పామే, పిల్ల పిల్లే.

పాము తేరుకున్న సంగతి మా ఆసుపత్రిలో ఒకరిద్దరికి చెప్పాను. ఎలా చేరిందో ఏమో, అది దొరబాబు చెవిన పడింది. ఒక ఆదివారం సాయంత్రం నేరుగా ఇంటికే వచ్చేశాడు. చిక్కిపోయాడు. గడ్డం మాసిపోయింది.

"పాపని చూద్దామని వచ్చాను," అన్నాడు.

తలుపు తీసి పక్కకి జరిగాను, కన్నతండ్రి కదా అని. ఇందుజ లోపలి గదిలో డబ్బాలు దొర్లిస్తోంది, చప్పుడు వినబడుతూనే ఉంది. ఆయన ఆ గది వైపు వెళ్లలేదు. దుప్పటి కప్పిన పెట్టె దగ్గరికి వెళ్లి, దుప్పటి తీసి, అద్దం మీద వేలితో కొట్టాడు. పాము బంతైపోయింది.

"వచ్చేసింది!" అన్నాడు. మొహమంతా వెలిగిపోయింది. "పూర్తిగా వచ్చేసింది హరిణీ! అంటే ఆపేస్తే పోతుందన్నమాట. ఇప్పుడు పాముల సంగతి కాదు, కంపెనీ వాళ్లు ఆసుపత్రులకి అడుగుతున్నారు. ఆపరేషన్ అంటే వణికిపోయేవాళ్లుంటారు, సూది చూస్తే గుక్కపట్టే పిల్లలుంటారు. వాళ్ల దిండ్లలోకి! తర్వాత మామూలైపోతారని ఒక పశువైద్యురాలు చెప్తే చాలు. నువ్వు ఒక్క సంతకం..."

"పిల్లల దిండ్లలోకి," అన్నాను.

"అవును, కొద్దిసేపటికే."

"మీరు పిల్లని చూడ్డానికి వచ్చానన్నారు."

డబ్బాల చప్పుడు ఆగింది. ఇందుజ పాకుతూ గుమ్మంలోకి వచ్చి, తలుపు పట్టుకుని లేచి నిలబడింది. అప్పుడు గుర్తొచ్చింది ఆయనకి. మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులూ చాచాడు.

"నా తల్లే! నా బంగారమే! రా అమ్మా, నాన్న దగ్గరికి రా."

వెళ్తుందనే అనుకున్నాను. ఎవరు పిలిచినా వెళ్లే పిల్ల. అది ఆ గడ్డం మొహం వైపు చూసింది. చాచిన చేతుల వైపు చూసింది. ఒక అడుగు వెనక్కి వేసింది. కింది పెదవి ముందుకొచ్చి వంకర తిరిగింది. ఆ పెదవి అలా తిరగడం నేను మరిచేపోయాను. అది ఊపిరి గట్టిగా పీల్చుకుని, కేరుమంది.

వీధి వీధంతా వినబడేలా ఏడ్చింది. పై వాటాలోంచి ఇంటావిడ, "ఏమైందమ్మా?" అని కేకేసింది.

"ఏడుస్తోంది," అన్నాడు దొరబాబు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి, అబద్ధం చెప్పను. కానీ ఒక చెయ్యి అప్పుడే జేబులోకి వెళ్లింది. ఫోన్ తీసి పాప మొహానికి గురిపెట్టాడు. "ఏడవనీ, ఏడవనీ. ఇది ఉంటే ఇంక ఎవరి సంతకం అక్కర్లేదు..."

ఆ ఫోన్ లాక్కున్నాను. పాము పెట్టె మూత ఎత్తి, దాని నీళ్ల పళ్లెంలో ముంచేశాను. ఆయన అందుకోబోతే పాము బుస్సుమంది. అంతటి శాస్త్రవేత్తా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"దాని వీపు మీద మచ్చ ఇంకా అలాగే ఉంది," అన్నాను. "పొద్దున్న వేడి పాల గిన్నె పట్టుకుని నవ్వింది. నిప్పంటే ఇంకా తెలియదు, ఎత్తంటే తెలియదు. ప్రమాదమని ఇప్పటిదాకా ఒక్కటే తెలిసింది. మీరు తెలిశారు. ఎక్కడ అడిగినా ఇదే చెప్తాను. పొండి."

"హరిణీ, అది నా కూతురు. నన్ను చూసి..."

"పొండి బయటికి!"

భుజం మీద చెయ్యి వేసి గుమ్మం దాటించాను. వెనక పాప ఏడుపు గుక్క తిరగకుండా సాగుతోంది. వెళ్లి ఎత్తుకున్నాను. రోజుకి వందసార్లు ఎత్తుకునే పిల్లే. ఎప్పుడెత్తుకున్నా నా చంకలో సంచిలా కూర్చుని దిక్కులు చూసేది. ఇప్పుడు మాత్రం రెండు చేతులూ నా మెడ చుట్టూ వేసి, మొహం నా భుజంలో దాచుకుని, గోళ్లు దిగేలా పట్టుకుంది. ఇన్నాళ్లకి నా బిడ్డకి నేను కావాల్సి వచ్చాను. మెడ మీద గీరుకుపోయి మండుతోంది. దాన్ని అలాగే పట్టుకుని, గుమ్మం బయట ఇంకా ఏదో చెప్తున్న మనిషి మొహం మీద తలుపు వేశాను.